పఠనయంత్రములు – తెలుగు పుట

ఈ-బుక్ రీడర్లను గూర్చి వ్రాయువారు తెర వెడల్పును, ఛార్జి నిలుచు దినములను లెక్కింతురు. తెలుగు పుట వానిలో నెట్లుండునో చెప్పువా రరుదు. చూపు మందగించిన మా తల్లిగారికి పెద్ద యక్షరములు కావలసివచ్చుటచే, ఆత్రేయపురములోని మా యింట నీ పరీక్ష చేసితిమి.

తెర విషయమున తీర్పు సులభము. టాబ్లెట్టు తన వెలుగును కంటిలోనికి చిమ్మును. 2007లో వెలువడిన కిండిల్‌లోను, పిదప వచ్చిన కోబోలోను సిరాతెర గలదు. అందు నలుపు తెలుపు రేణువులు విద్యుత్తుచే పైకి క్రిందికి జరిగి యక్షరము లగును. నిలిచిన పుటకు విద్యుత్తు పనిలేదు. ఎండలో గూడ చక్కగ కనబడును. ఛార్జి వారములు నిలుచును గనుక కరెంటు పోయినను చదువాగదు.

చిక్కంతయు పుటలోనే యున్నది. పాత పుస్తకముల స్కాను ప్రతులలో నక్షరము చెడదు. కాని డెమ్మీ సైజు పుటను ఆరంగుళముల తెరలో నిమిడ్చిన, అక్షరము సగమునకు కొంచెమే మిక్కిలియై యొత్తులు మాసిపోవును. పెద్దదిచేసిన వాక్యము తెర దాటిపోవును. టైపుచేసిన ప్రతిలో నక్షరమును కోరినంత పెంచవచ్చును. అయితే మేము చూచిన యొక యంత్రమున 'స్త్రీ' యను మాట మూడు తునకలై కనబడెను. స్త్రీవిద్యను గూర్చిన వ్యాసములో నా మాటయే విరిగిన, చదువరి యేమి చదువవలెను?

ఈ లోపము మన లిపిది కాదు. 1991లోనే యూనికోడ్ తెలుగునకు స్థానమిచ్చినది. అక్షరములను కూర్చు విధము యంత్రమునకు నేర్పవలసినవారు నేర్పలేదు. 2016 డిసెంబరులో అమెజాన్ అయిదు భారతీయ భాషల పుస్తకములను కిండిల్‌నకు తెచ్చినపుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము లుండెను, తెలుగు లేదు. అడుగనివారి కెవరు పెట్టుదురు?

నమ్మకమునకు వేరొక ముఖము గలదు. 2009లో ఆ సంస్థయే, విక్రేతకు హక్కు లేదని, ఆర్వెల్ నవలలను కొన్నవారి యంత్రములనుండి తొలగించి సొమ్ము తిరిగి యిచ్చెను. మన బీరువాలోని పుస్తకమును చెదలు తినవచ్చును గాని, అంగడివాడు వచ్చి కొనిపోజాలడు.

కావున కొనబోవువారికి మా మనవి యిది. ఒత్తులు దట్టముగనున్న తెలుగు పుట నొకదానిని వెంట గొనిపోయి, అంగడిలోనే తెరపించి, అక్షరము పెంచి చూడుడు. కొన్న పుస్తకమునకు వేరొక ప్రతి దాచుకొన వీలున్నదా యని యడుగుడు. మా తల్లిగారు రెండవ యంత్రమున నాలుగు పుటలు తామే చదివి, దీపమార్పుమనిరి. మాకంతకు మించిన యోగ్యతాపత్రము వలదు.