పదునాలుగురు రోగులు: ఒక వైద్యవ్యాసంపై విమర్శ

శాస్త్రగ్రంథాలపై విమర్శ అనగానే మనకు డార్విన్ గ్రంథమో, న్యూటన్ గ్రంథమో జ్ఞాపకం వస్తుంది. వైద్యపత్రికలలో వెలువడే చిన్న వ్యాసాలను విమర్శకు తగిన రచనలుగా ఎవరూ ఎంచరు. అయినా ఏడు పుటల వ్యాసం ఒకటి ఒక వ్యాధికి రూపురేఖలు దిద్ది, దాని గుణాలతోపాటు దోషాలను కూడా వైద్యలోకానికి చాలాకాలం అంటగట్టినది. ఆ వ్యాసాన్ని ఈనాటి జ్ఞానంతో మళ్ళీ చదివి చూడడం ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ ఉపయోగకరమని నా నమ్మకం.

1932 అక్టోబరు 15వ తేదీన అమెరికన్ వైద్యసంఘం వారి పత్రికలో అది అచ్చయినది. రచయితలు న్యూయార్కులోని మౌంట్ సైనై ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గార్డన్ ఓపెన్‌హైమర్. మొత్తం పదునాలుగురు రోగుల వృత్తాంతం అందులో ఉన్నది. ఎక్కువమంది యౌవనంలో ఉన్నవారు. నెలల తరబడి విరేచనాలు, విడువని సన్నజ్వరం, నానాటికి చిక్కిపోవడం, రక్తహీనత, కడుపులో కుడివైపు దిగువన చేతికి తగిలే గడ్డ — ఇవీ లక్షణాలు. కొందరికి అపెండిక్సు జబ్బేమోనని అంతకుముందే దానిని తీసివేసి ఉన్నారు. జబ్బు మాత్రం తగ్గలేదు. కోసి చూస్తే చిన్నప్రేగు చివరి భాగం, అనగా పెద్దప్రేగుతో కలిసేచోటు, మందమై, గట్టిపడి, లోపల పుండ్లు పడి, దారి ఇరుకైపోయి కనిపించినది. కొందరిలో ప్రేగు నుండి పక్క ప్రేగులోనికో, చర్మం మీదికో దొంగదారులు ఏర్పడినవి. క్షయ కాదనీ, పుట్టకురుపు కాదనీ తేల్చి, ఇది వేరొక వ్యాధి అని రచయితలు ప్రకటించారు.

ఈ వర్ణనే వ్యాసానికి ప్రాణం. రోగి మంచం పక్కన కనిపించినదానినీ, శస్త్రచికిత్సలో బయటపడినదానినీ, సూక్ష్మదర్శిని కింద తేలినదానినీ ఒకదానితో ఒకటి ముడివేసి చెప్పడం ఆ రోజులలో అంత సులభం కాదు. అలంకారాలు లేవు, ఊహాగానాలు తక్కువ. చూచినది చూచినట్లు చెప్పారు. తొంభైయేండ్లు దాటినా ఆ లక్షణాల వర్ణనలో చాలావరకు చెక్కు చెదరలేదు.

పేరు విషయంలో ఒక చిన్న కథ ఉన్నది. తొలుత సభలో చదివినప్పుడు దీనిని చిన్నప్రేగు 'అంత్య' భాగపు శోథ అన్నారు. ఆంగ్లంలో ఆ మాటకు 'మరణాసన్న' అనే అర్థం కూడా రావడంతో రోగులు హడలిపోతారని ఎవరో సూచించగా, అచ్చులో 'ప్రాదేశిక' అని మార్చారు. ఇక వ్యాధికి క్రోన్ పేరు నిలవడం అక్షరక్రమం చేసిన ఉపకారం. రచయితల పేర్లు అకారాదిగా వేశారు. రోగులలో అధికులకు కత్తి పట్టినవాడు ఏ. ఏ. బెర్గ్ అనే శస్త్రవైద్యుడు. తాను వ్రాయని వ్యాసానికి తన పేరు వద్దన్నాడట. ఒప్పుకొని ఉంటే నేడు మనం 'బెర్గ్ వ్యాధి' అని చదువుకొనేవారం!

ఇక దోషాలు. మొదటిది నమూనా. పదునాలుగురూ ఒకే ఆసుపత్రివారు. పైగా జబ్బు ముదిరి శస్త్రచికిత్స దాకా వచ్చినవారే ఎక్కువ. చెరువులో పెద్దకన్నుల వల వేసి, పట్టిన చేపలను చూచి, ఈ చెరువులో చిన్నచేపలు లేవు అనడం వంటిది ఇది. వ్యాధి చిన్నప్రేగు చివరనే ఉంటుందనీ, పెద్దప్రేగు ద్వారం దగ్గర ఆగిపోతుందనీ రచయితలు గీత గీశారు. ప్రకృతి ఆ గీతను మన్నించలేదు. 1934లోనే పెద్దప్రేగు మొదటిభాగానికి వ్యాపించిన రోగి వృత్తాంతం వెలువడినది. 1960లో లండనులో లాక్‌హార్ట్-మమ్మెరీ, మోర్సన్ అనే ఇద్దరు వైద్యులు పెద్దప్రేగులోనూ ఇదే వ్యాధి వస్తుందని స్పష్టంగా చూపారు. నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చునని నేడు మనకు తెలుసు.

ఈ పొరపాటు కాగితం మీదనే ఉండిపోలేదు. పెద్దప్రేగుకు సంబంధించిన మరొక శోథ ఉన్నది. దానిని అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. 1859లో శామ్యూల్ విల్క్స్ దానిని గురించి వ్రాశాడు. అది పురీషనాళం వద్ద మొదలై ఎడతెగకుండా పైకి ప్రాకుతుంది. ప్రేగు లోపలి పొరకే పరిమితమవుతుంది. క్రోన్ వ్యాధి అక్కడొక మచ్చ, ఇక్కడొక మచ్చగా, ప్రేగు గోడ మందమంతా తినివేస్తుంది. మొదటిదానిలో పెద్దప్రేగు మొత్తం తీసివేస్తే ప్రేగుజబ్బు పీడ వదలుతుంది. రెండవదానిలో తీసినచోటు వదలి మరొకచోట మొలకెత్తుతుంది. క్రోన్ వ్యాధి పెద్దప్రేగులో ఉండదని నమ్మినంతకాలం అటువంటి రోగులను రెండవ గాటన కట్టక మొదటి గాటన కట్టారు. ఫలితం అనుభవించినది రోగులు.

రెండవ దోషం మొదటిదాని కంటె పెద్దది. జబ్బుపడిన భాగాన్ని కోసి తీసివేస్తే రోగం నయమవుతుందని వ్యాసం ధ్వనిస్తుంది. శస్త్రచికిత్స తరువాత రోగులను గమనించిన కాలం అందుకు చాలదు. ఒక గింజ నాటి, మూడు రోజులు చూచి, ఇది మొలవదు అన్నట్లున్నది. చిన్నప్రేగు చివరిభాగమే బి12 విటమినును, పైత్యలవణాలను గ్రహించే స్థానం. దానిని పెద్దఎత్తున కోల్పోయినవారికి ఆ లోటు జీవితాంతం ఉంటుంది. ఇరుకు ఏర్పడినప్పుడు, చీముగడ్డ పట్టినప్పుడు శస్త్రచికిత్స నేటికీ ప్రాణరక్షకమే. కాని అది ముగింపు కాదు.

క్రోన్ వ్యాసం మనస్సు జోలికి పోలేదు. ఆ పని తరువాతివారు చేశారు. 1950లో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మనోవైద్యుడు తన గ్రంథంలో మనస్తాపం వల్ల వచ్చే ఏడు వ్యాధులలో అల్సరేటివ్ కొలైటిస్‌ను ఒకటిగా లెక్కించాడు. ఆ సిద్ధాంతం నిలవలేదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల మొగ్గు, ప్రేగులోని సూక్ష్మజీవులు, వాటిపై అతిగా తిరగబడే దేహరక్షణ వ్యవస్థ — ఇవి కలిసి పనిచేస్తున్నవని నేటి అభిప్రాయం. క్రోన్ వ్యాధికి సంబంధించిన మొదటి జన్యువు నాడ్2 అని 2001లో తేలినది. బెంగ జబ్బును పుట్టించదు. ఉన్న జబ్బును భరించడం కష్టతరం చేయవచ్చును. విచారమేమంటే అలెగ్జాండర్ పేరు వినని మన వ్యాసకర్తలు కూడా ఆయన మాటనే నేటికీ వల్లిస్తున్నారు. పిల్లవాడు కడుపునొప్పితో బడి మానితే 'పరీక్షల భయం' అనేయడం మనకు సులభం గదా!

ఇక్కడ మన తెలుగు రచనలను గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. పత్రికలలో ఈ జబ్బును 'పేగు వాపు' అంటున్నారు. శోథకు ఎరుపు, వేడి, వాపు, నొప్పి అని నాలుగు గుర్తులున్నవి. ఒక్క వాపునే పట్టుకొంటే పుండ్లూ, రక్తస్రావమూ పాఠకుని తలకు తట్టవు. 'దీర్ఘకాల ప్రేగుశోథ' అంటే కొంత నయం. ఇంకొక గందరగోళం ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే వేరొక బాధతో. దానిలో ప్రేగు మెలితిప్పినట్లు బాధిస్తుంది గాని పుండు పడదు, మలంలో రక్తం రాదు, జ్వరం ఉండదు, మనిషి క్షీణించడు. రెండింటికీ ఒకే పథ్యం, ఒకే సలహా వ్రాసేవారు 1932 నాటి వ్యాసంలోని మొదటి పుట చదివినా ఆ పని చేయరు.

మన ఇండ్లలో ఇంకొక తంతు. మలంలో రక్తం కనిపిస్తే 'వేడి చేసింది' అని మజ్జిగ తాగిస్తారు, లేదా 'మొలలు' అని నాటువైద్యుని దగ్గరకు పంపుతారు. నాలుగు వారాలు మించి విరేచనాలు, రక్తం, నిద్రలోనుంచి లేపే వేగం, కారణం లేకుండా బరువు తగ్గడం — వీటిలో ఏది ఉన్నా వైద్యుని వద్దకు పోవలెను. రక్తపరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, అవసరమైతే గొట్టం వేసి ప్రేగును చూచే కొలనోస్కోపీ ఉన్నవి. బడిపిల్లలలో కడుపుబాధ కంటె ముందే ఎదుగుదల ఆగిపోవచ్చును. ఏడాదిపాటు ఎత్తు పెరగని పిల్లవానిని తల్లిదండ్రుల కంటె ముందు డ్రిల్లు మాస్టారే గుర్తిస్తారు.

మనదేశంలో మరొక చిక్కు. అమెరికా వైద్యులు క్షయను పక్కకు నెట్టి ముందుకు పోగలిగారు. మనం అంత తేలికగా పోలేము. ప్రేగుక్షయ కూడా సరిగ్గా ఆ మలుపు దగ్గరే కూర్చుంటుంది. అదే జ్వరం, అదే గడ్డ, అదే ఇరుకు. 1913లోనే గ్లాస్గో శస్త్రవైద్యుడు డాల్‌జీల్ ఇటువంటి రోగులను వర్ణించి, క్షయను పోలినా క్షయ కాదన్నాడు. ముక్క తీసి పరీక్షించినా కొన్నిసార్లు తేలదు. అప్పుడు క్షయమందులు రెండు మూడు నెలలు ఇచ్చి, పుండ్లు మానినవో లేవో మళ్ళీ చూస్తారు. క్షయరోగికి క్రోన్ వ్యాధి అని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ విజృంభిస్తుంది. క్రోన్ రోగికి నెలల తరబడి క్షయమందులే ఇస్తే ప్రేగు పాడవుతుంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు నిద్రాణమైన క్షయను మేల్కొల్పగలవు. కనుక వాటికి ముందు క్షయపరీక్ష తప్పనిసరి. ఈ కారణంగా క్రోన్ వ్యాసంలో క్షయను వేరుచేసే భాగాన్ని అక్కడివారి కంటె మనమే శ్రద్ధగా చదవవలెను.

ఆ వ్యాసంలో అసలు లేనిది జబ్బుతో బ్రతకడం. మందుల విషయంలో నాటి వైద్యులు నిస్సహాయులు. సల్ఫాసలజీన్ స్వీడనులో నానా స్వార్ట్జ్ చేతిలో రూపొందినది ఆ తరువాతనే. కొలైటిస్‌లో కార్టిసోన్ గుణాన్ని ట్రూలవ్, విట్స్ పరీక్షించి చూపినది 1955లో. ఈనాడు జబ్బు పూర్తిగా పోకపోయినా, ఏండ్ల తరబడి అణిగి ఉండేటట్లు చేయవచ్చును. అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు 1956 జూనులో ఈ జబ్బుకే శస్త్రచికిత్స జరిగినది. నవంబరులో ఆయన మళ్ళీ ఎన్నికయ్యాడు. అణిగి ఉన్నప్పుడు మందు మానివేయడమే రోగులు చేసే సాధారణమైన తప్పు. పొగత్రాగడం క్రోన్ వ్యాధిని ముదరబెడుతుంది. నొప్పిమాత్రలు అడిగి వేసుకోవలెను. అందరికీ ఒకే పథ్యం లేదు. కారం ఒకనికి పడదు, పాలు ఇంకొకనికి పడవు. పండుగ భోజనాలన్నిటికీ దూరమై కూర్చోనక్కరలేదు. పెద్దప్రేగు ఎక్కువభాగం జబ్బుపడినవారు ఎనిమిదేండ్లు గడచిన తరువాత క్యాన్సరు కోసం వైద్యుడు చెప్పిన వ్యవధిలో కొలనోస్కోపీ చేయించుకోవలెను.

జబ్బున్న విద్యార్థి క్లాసులో చేయి ఎత్తి బయటికి పోతానంటే 'ఇప్పుడే గదా వెళ్ళివచ్చావు' అనవద్దు. వాకిలి దగ్గరి బెంచీ మీద కూర్చోబెట్టి, అడగకుండానే పోయి రమ్మని ముందే చెప్పి ఉంచండి. పరీక్షహాలులో కూడా అంతే; ఆ సంగతి వైద్యుని చీటీతో ప్రధానోపాధ్యాయునికి ముందుగా తెలియజేయడం మంచిది. మరుగుదొడ్డికి తాళం వేసి తాళపుచెవి ఆఫీసు గదిలో పెట్టే పాఠశాలలు ఇంకా ఉన్నవి.