వంపు హ్యాండిలు, కంకర బాట

ఆత్మకూరు నుండి ఉదయగిరి వైపు సైకిలుమీద పోవువానికి రెండు సంగతులు త్వరలోనే బోధపడును. వేసవి ముదిరిన దినములలో వెలిగొండలమీదుగా వచ్చు పడమటి గాలి ఎదురు తిరిగినప్పుడు ఎంతటి బలవంతమైనదో మొదటిది. తారు రోడ్డును విడిచి సోమశిల కాలువ గట్టుమీదికో, ఊరికిని ఊరికిని నడుమ గ్రావెల్ తోలిన బాటమీదికో చక్రము దిగినంతనే సన్నని టైరు ఎంత నిస్సహాయమగునో రెండవది. మొదటిదానికి దేహమును వంచి గాలికి తలయొగ్గనిచ్చు రేసింగు సైకిలు హ్యాండిలు మందు; రెండవదానికి మౌంటెన్ సైకిలు లావు టైరు మందు. ఈ రెండింటిని ఒక్క ఫ్రేముమీద కలుపవలెనను కోరికతోనే, వసారాలో ఏండ్ల తరబడి దుమ్ము పట్టియున్న నా పాత గేర్ల సైకిలును విప్పదీసితిని.

గ్రావెల్ బైకు అను పేర నేడు దుకాణములలో మెరయుచున్న వాహనమును చూచి ఈ కలయిక నిన్న మొన్న పుట్టినదని తలంచువారు కలరు. 1903లో ఆరంభమైన టూర్ ద ఫ్రాన్స్ పందెములో తొలితరము వారు తారు ఎరుగని దుమ్ము బాటలమీదనే వంపు హ్యాండిళ్లు పట్టుకొని పోయిరి. ఇంగ్లండులో మోటారు దారులను విడిచి గుట్టల కాలిబాటలను పట్టువారు 1955లోనే రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అను సంఘముగా ఏర్పడిరి. 1990లో అమెరికాలోని డురాంగోలో జరిగిన మౌంటెన్ సైకిలు ప్రపంచ పోటీలో జాన్ టోమాక్ వంపు హ్యాండిలు బిగించిన సైకిలునే తొక్కెను. కావున ఆత్మకూరులో పాత సైకిలును ముందిడుకొని కూర్చున్నవాడు చేయునది వింత పని కాదు, పెద్దలు నడచిన దారిలోనిదే.

విప్పుటకు ముందు కొలత చూడవలెను. తిన్నని హ్యాండిలుకై కట్టిన ఫ్రేములో సీటునకును హ్యాండిలునకును నడుమ దూరము స్వభావముచేతనే ఎక్కువ. వంపు హ్యాండిలు చేతులను మరి మూడు నాలుగు అంగుళములు ముందునకు కొనిపోవును. ఆ ఎక్కువను పొట్టి స్టెమ్ముతో మరల వెనుకకు తెచ్చుకొనవలెను. మిక్కిలి పొట్టిదానిని బిగించినను మోచేతులు బిగుసుకొని భుజములు లాగుచున్నచో, ఆ ఫ్రేమును దాని తిన్నని హ్యాండిలుతోనే సుఖముగా ఉండనిచ్చుట ఉత్తమమని నా అభిప్రాయము. రూపముకొరకు దేహమును హింసించు మార్పు మార్పు కాదు.

అసలైన చిక్కు బ్రేకులవద్ద కలదు. మౌంటెన్ సైకిలు హ్యాండిలు పట్టుకొను చోట 22.2 మిల్లీమీటర్ల మందము, వంపు హ్యాండిలు 23.8, అందుచేత పాత లివర్లు క్రొత్త హ్యాండిలుకు ఎక్కనే ఎక్కవు. రేసింగు లివర్లు తెచ్చినను పని తీరదు. 1996 ప్రాంతమున షిమానో ప్రచారములోనికి తెచ్చిన వి-బ్రేకుల చేతులు పొడవైనవి. రబ్బరు రిమ్మును గట్టిగా పట్టుటకు వైరు చాల దూరము కదలవలెను. రేసింగు లివరు లాగునది అందులో దాదాపు సగమే. రెండింటిని జోడించితిమా, రబ్బరు పూర్తిగా బిగియకమునుపే లివరు హ్యాండిలును తాకును. అట్లు కాకుండ రబ్బర్లను రిమ్మునకు వెండ్రుకవాసి దూరమున నిలిపితిమా, కంకరమీద చక్రమునకు కొంచెము బెండు వచ్చినంతనే అవి ఒరయ నారంభించును. సైకిలు షాపులోని మెకానిక్కు ఈ శాస్త్రమంతయు రెండు ముక్కలలో తేల్చివైచెను: "లివరు లాగేది కొంచెం, బ్రేకు అడిగేది ఎక్కువ. యాడ కుదురుద్ది సార్?"

కుదుర్చు మార్గములు లేకపోలేదు. నడుమ ఒక చిన్న కప్పీని పెట్టి వైరు కదలికను పెంచవచ్చును గాని, దుమ్ము పడిన కొలది అది బరువెక్కును. పాత కాలపు కాంటిలీవరు బ్రేకులనో, పొట్టి చేతుల వి-బ్రేకులనో వేయవచ్చును. నేను మాత్రము వి-బ్రేకుల కొరకే చేయబడిన వంపు హ్యాండిలు లివర్లను తెప్పించితిని. బరువు వేసికొని పల్లమునకు దిగునప్పుడు ముందు మేక అడ్డము వచ్చినచో, ఆ పొదుపు ఈ పొదుపు అన్నియు అక్కరకు రాని మాటలే.

లివర్లను బిగించు చోటు మరియొక విద్య. రాయలవారు 1514లో గజపతులనుండి గెలిచికొన్న దుర్గము కంటె ఉదయగిరిలో నాకు ప్రియమైనది అచ్చటి చెక్క గరిటెల పని. నర్ది, బిక్కి వంటి అడవి కట్టెను చెక్కి ఆకురాయితో అరగదీయు ఆ పనివారు కాడను అరచేతికి ఒదుగునంతవరకును మరల మరల పట్టి చూచుకొందురు. లివరు తలయును అట్లే: కొంచెము పైకెత్తి బిగించినచో మణికట్టు నిటారుగా నుండును, దించినచో గంటలోపలనే బొటనవ్రేలు మొద్దుబారును. టేపు చుట్టుటకు ముందే దినముల తరబడి తొక్కి సరిచూచుకొనుట మేలు.

గేర్ల విషయమున శ్రమ తక్కువ. హ్యాండిలు కొనలలో దూర్చు లివర్లు కలవు, వానిలో మెట్లు లేక నున్నగా తిరుగు రకము ఏ పాత గేరునకైనను సరిపడును. ముందరి స్ప్రింగు ఫోర్కును తీసివేసితిని. తుప్పు పట్టిన షాకులు బరువే గాని ఆదరువు కావు. అయితే గట్టి ఫోర్కు కూడ దాదాపు అంతే పొడవున్నదిగా ఉండవలెను, లేనిచో సైకిలు ముందునకు వ్రాలి హ్యాండిలు కుదురు తప్పును.

చక్రములను మార్చి పెద్ద 700 సి సైజు వేయుమని సలహా ఇచ్చువారు కలరు. బ్రేకుల కుదుళ్లు ఫోర్కునకు అతికి యున్నవి గనుక రిమ్ము పెద్దదైనచో రబ్బరు దానిని అందుకొనదు. ఇది ఒక కారణము. రెండవది నాకు ముఖ్యమైనది: 26 అంగుళముల మౌంటెన్ సైకిలు ట్యూబు దుత్తలూరులోనో ఉదయగిరిలోనో వెదకినచో దొరకును, 700 సి ట్యూబు కొరకు నెల్లూరు పోవలెను. టైరు కొనునప్పుడు మాత్రము 26 అను అంకెను చూచి తృప్తిపడరాదు. మామూలు సైకిళ్ల 26 అంగుళముల టైరు ఒకటి కలదు, దాని లోపలి కొలత 590 మిల్లీమీటర్లు; మనకు కావలసినది 559. ఆ అంకె టైరు ప్రక్కనే అచ్చుపడియుండును.