మడ బురదను ఆరబెట్టకండి

పొలం మట్టి పరీక్ష పద్ధతి రైతులకు తెలిసిందే. వి ఆకారంలో గుంత తీసి, నాలుగైదు చోట్ల మట్టి కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో సంచిలో కట్టి పంపుతాం. కోరంగి మడ అడవిలో అలా చేస్తే ఆరబెట్టడంలోనే అసలు సంగతి పోతుంది.

అక్కడ పైపొర దాటితే బురదకు గాలి అందదు. ఆ చీకట్లో బతికే సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకొని హైడ్రోజన్ సల్ఫైడు వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. ఇనుముతో కలిసి బురదను నల్లగా చేసేదీ అదే. ఆ ముద్దను తెచ్చి ఆరబెడితే గాలి తగిలి గంధకామ్లం పుడుతుంది. 7 దగ్గరున్న పీహెచ్ కొన్ని వారాల్లో 4 కిందికి దిగొచ్చు. మడ కొట్టి తవ్విన రొయ్యల చెరువుల గట్లపై వాన పడితే చెరువులోకి దిగే ఆమ్లం ఇలాంటిదే.

అందుకే నేను ముందు ముక్కునూ కళ్లనూ నమ్ముతాను. తెల్ల మడ చుట్టూ పెన్సిళ్లలా పొడుచుకొచ్చిన వేళ్ల పక్కన తవ్వి చూడండి. నల్ల బురదలో తుప్పు రంగు చార కనిపిస్తుంది. వేళ్లలోకి దిగిన ఆక్సిజన్ కొంత మట్టిలోకి కారి, సల్ఫైడు విషాన్ని విరుస్తుంది. అమెరికా శాస్త్రవేత్త కారెన్ మెకీ, సహచరులు 1988లో ఈ సంగతి కొలిచి చూపారు: వేళ్ల దగ్గర సల్ఫైడు తక్కువ, ఖాళీ బురదలో ఎక్కువ.

కాబట్టి ఏ నేలలో ఏ చెట్టు నిలుస్తుందో గీసి చూపే పటాలను నేను పూర్తిగా నమ్మను. చెట్టు కూడా తన నేలను తయారు చేసుకుంటుంది. ఉప్పు మాత్రం ఏ చెట్టు ఎక్కడ నిలవాలో నిక్కచ్చిగా ఏరుతుంది. తెల్ల మడ ఆకుల్లోంచి ఉప్పు కక్కేసి, సముద్రాన్ని మించిన ఉప్పులోనూ నిలుస్తుంది. ఉప్పు పొన్న వేరు దగ్గరే ఉప్పును చాలామట్టుకు వడకడుతుంది. ఉప్పు మరీ ముదిరితే తట్టుకోలేదు. తిల్ల చెట్టుకు మంచినీరు తగిలే మెరక ఇష్టం. (దాని కొమ్మ విరవకండి, పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.)

కోరంగిలో చెట్లు నరికిన చోట నేల కుంగి, పోటు నీరు నిలిచి, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ చేపముల్లు ఆకారంలో కాలువలు తీయించి, వాటి అంచున మొక్కలు నాటించాయి. పోటూ పాటూ మళ్లీ ఆడాయి, ఉప్పు దిగింది. ఎక్కడ ఏ మొక్క నాటాలని నన్నడిగితే, పాటు వేళ అక్కడ నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో ముందు చూసి రమ్మంటాను.