వచ్చే సందేశానికి వాకిలి ఏది?

ఢిల్లీలోని ధౌలా కువాన్ తెలుగువారికి కొత్త పేరు కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఉన్నది అక్కడే. ఆ సమీపంలో 2018లో తెరచిన మెట్రో స్టేషను దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ పేరును ధరించింది. ఇదే ప్రాంతం 2010 నవంబరులో వేరొక కారణంగా పత్రికలకెక్కింది. రాత్రి పని ముగించుకొని, సంస్థ వాహనం దిగి ఇంటికి నడిచి వెళుతున్న ఒక కాల్ సెంటర్ ఉద్యోగినిని దుండగులు అపహరించి అత్యాచారం చేశారు. 2014లో న్యాయస్థానం ఐదుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఉద్యోగినిని ఇంటి గుమ్మం వద్దే దింపాలనీ, ఆమె లోపలికి చేరినట్లు ఫోను ద్వారా తెలిపేవరకు వాహనం అక్కడే ఉండాలనీ ఢిల్లీ పోలీసులు ఇటువంటి సంస్థలకు ఉత్తర్వులిచ్చారు.

ఆ ఫోను పిలుపుకు బదులుగా ‘చేరాను’ అని ఒక సంక్షిప్త సందేశం పంపితే, దానిని కంప్యూటరే అందుకొని పట్టికలో గుర్తు పెట్టుకుంటే సరిపోదా? ఆలోచన సులభమైనదే. ఇందుకు సందేశాలను స్వీకరించి మన కంప్యూటరుకు అందజేసే ఏపీఐ సేవలు అద్దెకు దొరుకుతాయి. అయితే ఈ సేవల ప్రకటనలను మీరొకసారి పరిశీలించండి. సెకనుకు ఎన్ని సందేశాలు పంపగలమో, ఒక్కొక్కదానికి ఎన్ని పైసలో పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. స్వీకరించే సంగతి అడుగున ఎక్కడో రెండు వాక్యాలలో ముగిసిపోతుంది. కొన్ని విదేశీ సేవలైతే భారతీయ నంబరుపై సందేశాలు స్వీకరించే వీలే కల్పించవు. పంపడంలోనే వ్యాపారం ఉంది కాబట్టి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కానీ కొనేవారు ఆ రెండు వాక్యాలనే పట్టి పట్టి చదవాలి.

ముందు సందేశం ప్రయాణించే మార్గం చూద్దాం. ఫోను మీద ‘పంపబడింది’ అని కనిపించగానే సందేశం చేరిందనుకుంటాం. నిజానికి దాని అర్థం, పంపినవారి టెలిఫోను సంస్థకు చెందిన సందేశ కేంద్రం దానిని తీసుకుందని మాత్రమే. ఆ కేంద్రం దానిని నిలువ చేసి, వెసులుబాటును బట్టి సేవాసంస్థ నంబరున్న నెట్‌వర్కుకు పంపుతుంది. సేవాసంస్థ దానిని ఇంటర్నెట్ ద్వారా మీ కంప్యూటరు తలుపు తడుతుంది. ఇన్ని చేతులు మారే వస్తువు ఏ మజిలీలోనైనా ఆగిపోవచ్చు.

ఆ చివరి మజిలీలోనే అసలు తేడాలున్నాయి. తలుపు తట్టినప్పుడు మీ కంప్యూటరు పలకలేదనుకోండి. కరెంటు పోయి ఉండవచ్చు, ఇంటర్నెట్ ఆగి ఉండవచ్చు. కొన్ని సేవలు కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తాయి. కొన్ని మీరిచ్చిన రెండో చిరునామాకు ఒకసారి పంపి ఊరుకుంటాయి. ఏ సేవ అయినా వచ్చిన సందేశాలను తన వద్ద దాచి ఉంచి, మీరు అడిగినప్పుడు మళ్లీ జాబితా ఇవ్వగలగాలి. ఆ వసతి లేని సేవ ఎంత చౌకగా వచ్చినా ఈ పనికి తగదని నా అభిప్రాయం. మళ్లీ ప్రయత్నించే సేవల వల్ల ఒకే సందేశం రెండుసార్లు రావచ్చు. అందుచేత ప్రతి సందేశానికి విడి గుర్తింపు సంఖ్య ఉందో లేదో కూడా చూడాలి. తలుపు తట్టింది నిజంగా ఆ సేవేనని నిర్ధారించే రహస్య సంతకం లేకపోతే, మీ చిరునామా తెలిసిన ఎవరైనా ‘చేరాను’ అని దొంగ సందేశం వేయగలరు.

నంబరు ఎంపిక మరో చిక్కు. నంబరు మార్చకుండా సంస్థ మారదలచినవారు 1900కు ‘పోర్ట్’ అని పంపడం మీకు తెలిసినదే. అటువంటి పొట్టి నంబర్లు గుర్తుంచుకోవడానికి తేలిక. కానీ ప్రతి టెలిఫోను సంస్థతోనూ విడిగా ఏర్పాటు ఉంటేనే అవి పనిచేస్తాయి. చిన్న సంస్థకు సాధారణమైన పది అంకెల నంబరే మేలు. యూపీఐలో చేరేటప్పుడు మీ ఫోను తనంతట తానే ఒక నంబరుకు సందేశం పంపడం గమనించే ఉంటారు. ఆ ఫోను నంబరు మీదేనని బ్యాంకు వైపువారు తెలుసుకునేది వచ్చే సందేశాన్ని బట్టే. బ్యాంకుల నుంచి మనకు వచ్చే ఆంగ్ల అక్షరాల పేర్లకు మాత్రం జవాబివ్వడం సాధ్యం కాదు. మరొక మాట: మీ కంప్యూటరు ‘అందింది’ అని జవాబు పంపాలంటే ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ఆ పేరును, ఆ వాక్యాన్ని ముందే నమోదు చేయించుకోవాలి.

ఇక తెలుగు సంగతి. ఒక సందేశంలో 140 బైట్లు పడతాయి. ఆంగ్లంలో 160 అక్షరాలు, తెలుగు లిపిలో 70 సంకేతాలు. ‘ఇల్లు చేరాను’ అన్నది మన కంటికి ఐదక్షరాలు. ఒత్తులు, గుణింతాలు, మధ్య ఖాళీ కలిపి యంత్రానికి 12 సంకేతాలు. 70 దాటితే సందేశం 67 సంకేతాల ముక్కలుగా విడిపోతుంది. ముక్కలు వరుస తప్పి రావచ్చు. వాటిని అతికి ఇచ్చే సేవ ఉంది, ముక్కలుగానే మన మీద పడేసే సేవా ఉంది. తెలుగుతో సహా పది భారతీయ భాషలకు పొదుపైన అక్షర పట్టికలను అంతర్జాతీయ ప్రమాణాలలో చేర్చి చాలా ఏళ్లయింది. ఆచరణలో వాటి జాడ అరుదు.

సేవలతో పని లేకుండా, ఒక సిమ్ కార్డును మోడెములో పెట్టి గమ్ము వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో నడుపుకోవచ్చు. 2005లో కెన్ బ్యాంక్స్ రూపొందించిన ఫ్రంట్‌లైన్ ఎస్ఎంఎస్ ఈ పద్ధతినే స్వచ్ఛంద సంస్థల చేతికిచ్చింది. రోజుకు కొద్ది సందేశాలే వచ్చే చోట దీనిని చిన్నచూపు చూడనక్కరలేదు. అద్దె సేవ పక్కన రెండో వాకిలిగానైనా ఉంచుకోదగినది.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి. మీ కంప్యూటరును పది నిమిషాలు ఆపి ఉంచి, వేర్వేరు నెట్‌వర్కుల ఫోన్ల నుంచి ఇరవై సందేశాలు పంపండి. కొన్నిటిని పొడవుగా, తెలుగులో రాయండి. తరువాత కంప్యూటరును నడిపించి ఎన్ని వచ్చాయో, ఎంతసేపటికి వచ్చాయో, ఎన్ని రెండుసార్లు వచ్చాయో లెక్కించండి. పద్దెనిమిదే వస్తే, ఆ రెండింటి అర్థం ఆలోచించండి. రాత్రి రెండు గంటలకు ఇద్దరు ఇల్లు చేరి కూడా చేరనట్లే పట్టికలో నిలుస్తారు. కాపలా ఉద్యోగి వారికి ఫోను చేస్తాడు, వారు నిద్ర లేచి విసుక్కుంటారు. నెల రోజులు ఇలాగే జరిగితే అతడు ఆ ఖాళీ గళ్లను చూడటం మానేస్తాడు. ఆ తరువాత నిజంగానే చేరని మనిషి గడి కూడా వాటిలో ఒకటిగానే కనిపిస్తుంది.