పూత రాకముందే

తొలకరి పడి వారం తిరక్కముందే పెరడు పచ్చబడుతుంది. అందులో నేను చల్లిన గింజ ఒక్కటీ ఉండదు. అంతా నిరుడో, అంతకు ముందెప్పుడో రాలి మట్టిలో దాగినవే. శాస్త్రవేత్తలు దీన్ని నేలలోని విత్తన బ్యాంకు అంటారు. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే ఆయన కలుపు గింజల్ని ఇసుకతో కలిపి సీసాల్లో నింపి పాతిపెట్టాడు. 2021లో ఒక సీసా తవ్వితే 142 ఏళ్ల గింజలు కొన్ని మొలిచాయి!

మా వైపు బెడద వయ్యారిభామది. 1950లలో పుణెలో కంటపడిన ఈ అమెరికా ఖండపు మొక్క దిగుమతి గోధుమలతో వచ్చిందని చాలామంది నమ్మకం. పశువులు దీన్ని ముట్టవు, చుట్టూ ఉన్న గడ్డిని మేసి దీనికి చోటు చేసిపెడతాయి. మొలిచిన నెలకే పూత, మొక్కకు వేల గింజలు. 1984లో దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును తెచ్చి బెంగళూరు ప్రాంతంలో వదిలారు. వానల్లో ఆకుల్ని బాగానే జల్లెడ చేస్తుంది. కానీ నేలలో ఉన్న గింజ జోలికి అది పోదు కదా.

పారతో లోతుగా తిరగేస్తే కసి తీరుతుంది గానీ, అడుగున నిద్రపోతున్నవి పైకొస్తాయి. చాలా రకాల చిన్న గింజలకు క్షణకాలం వెలుతురు తగిలినా చాలు, మేలుకుంటాయి. అందుకే నా పద్ధతి పైపైనే. విత్తే ముందు మడి చదును చేసి తడుపుతాను. కలుపు మొలిచి రెండాకులు వేశాక దోకుడుపారతో చెక్కేసి, మట్టి కదపకుండా ఆ తర్వాతే విత్తుతాను. పెరటికి ఇది కుదురుతుంది. వాన మీద ఆధారపడ్డ మెట్ట రైతును పదును పోగొట్టుకుని రెండు వారాలు ఆగమంటే నవ్వుతాడు, నవ్వాలి కూడా.

మిగిలిన వయ్యారిభామను వాన వెలిశాక, చేతులకు తొడుగులేసుకుని, వేళ్లతో సహా పీకాలి. ఒళ్లు దురద పెడుతుంది మరి. మొక్క ఎత్తు చూస్తూ కూర్చోకూడదు, మొగ్గ కోసం చూడాలి. గింజ పట్టినదాన్ని ఎరువు గుంటలో వేస్తే మళ్లీ మడికే చేరుతుంది. గింజలు కలిసొస్తాయేమోనని ట్రాక్టర్‌తో తోలించుకునే ఎర్రమట్టినీ నేను నమ్మను.

పక్క ఖాళీ ప్లాటు యజమాని ఊళ్లో ఉండరు. అక్కడ వయ్యారిభామ తెల్లపూలు కనిపిస్తే గోడ దాటి పీకేస్తున్నాను. ఇంతవరకు ఎవరూ అడ్డు చెప్పలేదు.