పీఠము – విశ్వాసము: గోరా గ్రంథమున వివాహకర్త స్వరూపము

వర్ణాంతర వివాహమును గూర్చి ఆధునికాంధ్ర సాహిత్యము చాలకాలముగా మాటాడుచున్నది. ప్రేమించినవారి ధైర్యమును, తల్లిదండ్రుల పట్టుదలను, బంధువుల నిష్ఠురములను మన కథకులును నవలాకారులును పలు తెరగుల చిత్రించిరి. కాని పెండ్లి యనునది ఇరువురి సమ్మతితోనే ముగియునది కాదు. దానిని జరిపించు మూడవ వ్యక్తి యొకడు కలడు. పూర్వము అతడు పురోహితుడు. సంస్కరణోద్యమ కాలమున ఊరి పెద్దమనిషి. నేడు ప్రభుత్వము నియమించిన వివాహాధికారి. ఈ మూడవ వ్యక్తి తన విశ్వాసమునకు లోబడవలెనా, తన యెదుట నిలిచినవారి కోరికకు లోబడవలెనా యను ప్రశ్న మన విమర్శలో తగినంతగా చర్చకు రాలేదు.

ఈ ప్రశ్నను సూటిగా ముందుంచిన రచన యొకటి కృష్ణామండలపు జీవితమునుండియే పుట్టినది. గోపరాజు రామచంద్రరావుగారు, అనగా గోరా, ఆంగ్లమున రచింపగా 1951లో అహమ్మదాబాదు నవజీవన ప్రచురణాలయము వెలువరించిన 'యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ' యను గ్రంథమది. దీనిని ఆస్తిక నాస్తిక సంవాదముగా చదువుట వాడుక. వివాహకర్త ధర్మమును గూర్చిన గ్రంథముగా చదివినచో దాని విలువయు, దాని పరిమితియు స్పష్టపడునని మా యభిప్రాయము.

గ్రంథమునకు మూలమైన జీవితమును కొంత తెలిసికొనుట అవసరము. గోరా (1902–1975) వృక్షశాస్త్రోపన్యాసకులు. నాస్తికులైన కారణమున 1933లో కాకినాడ పిఠాపురము రాజా కళాశాల కొలువునుండి తొలగింపబడిరి. పిమ్మట బందరు హిందూ కళాశాలలో పనిచేసి, 1940లో ఉయ్యూరు చేరువనున్న ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో ఆ కేంద్రము విజయవాడ పటమటకు తరలినది. అన్ని కులములవారు ఒక్క పంక్తిని కూర్చుండి భుజించు సహపంక్తి భోజనములు ఆ కేంద్రపు తొలి కార్యక్రమములలో ముఖ్యమైనవి. పంక్తి కలిసిన తరువాత పెండ్లి కలుపుట తప్పదు. గోరా తమ పెద్దకుమార్తె మనోరమను హరిజన యువకుడైన అర్జునరావున కిచ్చి వివాహము చేయ నిశ్చయించిరి. గాంధీజీ ఆ వివాహమును సేవాగ్రామమున జరిపింప నంగీకరించిరి.

ఇచ్చట చిక్కు వచ్చినది. జరిపించువారు పరమాస్తికులు, చేయించుకొనువారు నాస్తికులు. దైవము పేరిట ప్రమాణము చేయుట వధూవరులకు అసత్యమగును. దైవమును విడుచుట గాంధీజీకి ప్రాణసంకటము వంటిది. గాంధీజీ కనుగొనిన పరిష్కారము చిన్నది. 'దైవము పేరిట' అనుటకు మారుగా 'సత్యము పేరిట' అనవచ్చునని వారు సమ్మతించిరి. వారు 1948 జనవరిలో హతులైరి. వివాహము మాత్రము నిశ్చయించినట్లే ఆ సంవత్సరము మార్చిలో సేవాగ్రామముననే జరిగినది.

ఈ ఘట్టమును మెచ్చుకొని విడుచుట సులభము. మేము కొంత నిలిచి చూడగోరుచున్నాము. గాంధీజీ తమ విశ్వాసమును వదలుకొనలేదు. దానిని దంపతుల నోట పలికింపలేదు. అంతే. వివాహవాక్యము దంపతులది గాని జరిపించువానిది కాదను గ్రహింపు ఇందు కలదు. గ్రంథమందలి ఉత్తమాంశము ఇదియే. గోరా రచనయందును దీనికి తగిన నిగ్రహము కలదు. వారు గాంధీజీ నోడించినట్లు వ్రాయలేదు. ఒక విశ్వాసము మరియొక విశ్వాసమునకు త్రోవ యిచ్చినట్లు మాత్రమే వ్రాసిరి.

కాని పరిమితి గూడ ఇచ్చటనే కలదు. 'సత్యమే దైవము' అనుట గాంధీజీ సిద్ధాంతము. కావున 'సత్యము పేరిట' అనుటలో వారికి నష్టము లేదు. గోరాకును అసత్యము లేదు. ఇరువురకు సరిపోవు మాట ఒకటి అదృష్టవశమున దొరకినది. దొరకనిచో ఏమి కావలెను? మరియు గాంధీజీ తమ చివరి యేండ్లలో, వధూవరులలో నొకరు హరిజనులైననే ఆ వివాహమున కాశీస్సు లిత్తునని నియమము పెట్టుకొనిరి. ఆ నియమము గొప్పది. కాని ఆ నియమము చేతనే స్వకులవివాహము చేసికొనువారు వారి గడపనుండి మరలిపోవలసి వచ్చును. వరుడు ముందుగా సేవాగ్రామ ఆశ్రమమున శిక్షణ పొందవలెనని కూడ వారు కోరిరి. ఇవన్నియు ఒక పెద్దమనిషికి తగినవే. ఆయన జరిపించుటయు, మానుటయు, ఆలస్యము చేయుటయు ఆయన యిష్టము. ఉత్తమమైన అంతరాత్మ కూడ ఒకరిని పిలుచును, ఒకరిని మరల్చును. కాబట్టి దంపతుల హక్కు ఎంత ఉత్తముని అంతరాత్మపై ఆధారపడినను అది హక్కు కానేరదు, అనుగ్రహమే యగును.

ఈ సత్యమును గురజాడవారు అంతకుముందే నాటకమున చూపిరి. 'కన్యాశుల్కము'న సౌజన్యారావు పంతులు సజ్జనుడు, వేశ్యాసంపర్కమునకు ప్రబల విరోధి. అతని నియమము మంచిదే. అయినను నిర్దోషియైన లుబ్ధావధాన్లను కాపాడు రహస్యము నెరిగిన మధురవాణి పురుషవేషము దాల్చిగాని అతని గడప త్రొక్కలేకపోయినది. మంచివాని మంచి నియమమే తలుపై మూసికొనినది. వకీలు గనుక ఆ తలుపు అతని సొంతము. ప్రభుత్వ కార్యాలయపు తలుపు ఎవరి సొంతము?

జాషువ మహాకవి 'గబ్బిలము' (1941) ఈ ప్రశ్నకు మరియొక వైపునుండి సమాధానమిచ్చును. ఆ కావ్యనాయకుడు ఆలయమున అడుగిడరాని వాడు. తన మొర శివునకు చేరవలెనన్న గబ్బిలమును పంపవలెను. అదియు అర్చకుడు దరి లేని తరి చూచి విన్నవింపవలెను. వినదగిన దేవుడు లోపల నున్నాడు. ద్వారమున నున్నవాని విశ్వాసము అడ్డుపడినది. పీఠమునకును ప్రజకును నడుమ నిలిచిన ఉద్యోగి లక్షణమును ఇంత సంగ్రహముగా చూపిన ఆంధ్రకావ్యము అరుదు. ఆ కవి పుత్రిక హేమలత 1960లో గోరా కుమారుడైన లవణమును వివాహమాడుట చరిత్ర. రెండు గ్రంథములు ఒక కుటుంబమున కలిసికొనినవి.

ఇక చట్టముయొక్క నడకను చూతము. 1872 నాటి ప్రత్యేక వివాహచట్టము క్రింద పెండ్లాడదలచినవారు తాము హిందూ, క్రైస్తవ, మహమ్మదీయాది మతములను అవలంబింపమని ప్రకటింపవలసి యుండెను. అనగా దంపతులే తమ విశ్వాసమును గడప వెలుపల విడువవలెను. 1923 నాటి సవరణ హిందువులకు, బౌద్ధులకు, సిక్కులకు, జైనులకు ఆ నిర్బంధమును తొలగించెను. 1949 నాటి చట్టము హిందువులలో కులభేదము కారణముగా వివాహము చెల్లకపోవుట యనునదే లేదనెను. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము మతభేదమును గూడ దాటెను. ఈ చట్టమున వధూవరులు వివాహాధికారి యెదుట, ముగ్గురు సాక్షుల సమక్షమున, ఒకరినొకరు స్వీకరించుచున్నామని పలికిన చాలును. అందు దైవము పేరు లేదు. సత్యము పేరును లేదు. అధికారి విశ్వాసము పలుకవలసిన వాక్యమే లేదు. సేవాగ్రామమున ఒక మహాపురుషుని ఔదార్యముచే దొరకినది, ఇచ్చట సామాన్య గుమాస్తా చేతిలో గూడ దొరకునట్లు శాసనము ఏర్పరచెను.

అయినను ఈ శాసనమున ఒక లోపము మాకు కనబడుచున్నది. నోటీసు ప్రకటింపకయో, ప్రకటించిన ముప్పది దినములు గడువకయో బుద్ధిపూర్వకముగా పెండ్లి జరిపించిన అధికారికి 46వ సెక్షను ఒక యేడాది వరకు కారాగారమును, ఐదువందల రూపాయల వరకు జుల్మానాను విధించుచున్నది. జరిపింపక జాగుచేసిన అధికారికి అట్టి శిక్ష ఆ చట్టమున లేదు. అభ్యంతరము నంగీకరించి వివాహమును నిరాకరించినచో జిల్లా న్యాయస్థానమున అప్పీలు కలదు. కాని మన కార్యాలయములలో విశ్వాసము 'కాదు' అను రూపమున రాదు. 'రేపు రండు', 'పెద్దలను వెంటబెట్టుకొని రండు' అను రూపమున వచ్చును. నిరాకరణము లేనిదే అప్పీలు లేదు. ఇంటినుండి తప్పించుకొని వచ్చిన జంటకు ఆ 'రేపు' ప్రాణాంతకము కావచ్చును. ఇట్టి జంటలకు రక్షణ యొసగుట పోలీసుల బాధ్యత యని సర్వోన్నత న్యాయస్థానము 2006లో లతాసింగు వ్యాజ్యమున చెప్పెను. 2018లో శక్తివాహిని వ్యాజ్యమున, రక్షణవిధి నుపేక్షించిన అధికారులపై శాఖాపరమైన చర్య తీసికొనవలెనని యాదేశించెను. అవి దౌర్జన్యమునుండి కాపాడు ఆజ్ఞలు. బల్లవెనుక చిరునవ్వుతో చెప్పు 'రేపు'ను పట్టుకొనుట వానికి కష్టము.

ఈ జాడ్యము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో జాత్యంతర వివాహ నిషేధములను అచ్చటి అత్యున్నత న్యాయస్థానము 1967లో కొట్టివేసెను. నలువది రెండేండ్లు గడచిన పిమ్మట, 2009లో, లూసియానా రాష్ట్రపు న్యాయాధికారి యొకడు నల్లజాతి పురుషునికిని తెల్లజాతి స్త్రీకిని వివాహానుమతి నిరాకరించెను. తనకు జాతిద్వేషము లేదనియు, పుట్టబోవు బిడ్డల క్షేమమే తన చింత యనియు అతడు చెప్పుకొనెను. ఆ యేడే పదవిని విడిచెను. బిడ్డల క్షేమమును గూర్చిన ఆ మాట మన యూళ్లలో వినబడు మాటయే. విశ్వాసము సాధారణముగా ద్వేషముగా మాటాడదు, హితముగా మాటాడును.

అధికారికి మాత్రము అంతరాత్మ లేదా యని యొక ఆక్షేపణ రావచ్చును. ఉన్నది. రాజ్యాంగపు 25వ అధికరణము దానిని కాపాడుచునే యున్నది. కాని ఆ అధికరణము తన తొలిమాటలలోనే ఆ భాగమందలి ఇతర నిబంధనలకు తాను లోబడి యుండునని చెప్పుచున్నది. ఆ నిబంధనలలో సమానత్వమును నిర్దేశించు 14వ అధికరణము, కులాదుల వలన వివక్ష చూపరాదను 15వ అధికరణము, అస్పృశ్యతను రద్దుచేసిన 17వ అధికరణము కలవు. గోరా జీవితము ఇంతకంటె సుబోధమైన సమాధానమిచ్చును. వృక్షశాస్త్రము బోధించుట వారి విధి. దైవమున్నదో లేదో యనునది వారి విశ్వాసము. విశ్వాసమును చూచి కొలువునుండి తొలగించుట అన్యాయమని మనము నేడు నిస్సంకోచముగా అందుము. ఆ న్యాయమే ఇటువైపునకును వర్తించును. అధికారి ఏమి నమ్మునో అడుగు హక్కు మనకు లేదు. తన నమ్మకమునుబట్టి పని మానుటకు అతనికి హక్కు లేదు. మొదటి సూత్రమును కోరువాడు రెండవదానిని కాదనలేడు.

కావున గోరా గ్రంథమును మేమిట్లు నిర్ణయించుచున్నాము. విశ్వాసము గలవాడు తన విశ్వాసమును నిలుపుకొనియే ఇతరుల వాక్యమును ఇతరులకు విడువగలడని అది నిరూపించినది. ఆ విడుచుట అతని పెద్దరికముగా కాక, అడిగిన వారికి చెల్లవలసిన బాకీగా ఎన్నడు గణింపబడునో ఆ సంగతి గ్రంథము చెప్పలేదు. చెప్పుట దాని ప్రయోజనమును కాదు. ఆ మిగిలిన భాగమును వ్రాయవలసిన వారు నేటి రచయితలు. ప్రేమికుల యిల్లును, తల్లిదండ్రుల యిల్లును చిత్రించిన మన కథ ఇక రిజిస్ట్రారు కచేరీలోనికి ప్రవేశింపవలెను. అచ్చట కుర్చీపై కూర్చున్నవాడు దుర్మార్గుడు కానక్కరలేదు. మంచివాడైననే ఆ కథ కఠినముగా నుండును, నిజముగాను ఉండును.