సైనిక వీడియో గేముల్లో అద్భుతం: పాలమూరు వీరస్మృతి నేపథ్యంలో రసపరిశీలన

వ్యాససంగ్రహం

ఆయుధాలను, ఎత్తుగడలను, యుద్ధభూములను లోకంలో ఉన్నట్లే చూపే సైనిక వీడియో గేముల్లో ప్రేతాలు, నడిచే శవాలు వంటి అతీంద్రియ అంశాలు తరచుగా కనిపిస్తాయి. యుద్ధమృతుల పట్ల ఈ అంశాలు ఎటువంటి దృష్టిని కలిగిస్తున్నాయో రససిద్ధాంతం ఆధారంగా, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు వీరస్మృతి సంప్రదాయంతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వీరగల్లు, అద్భుతం, కరుణ, వీడియో గేములు, పాలమూరు, సోమనాద్రి.

1. ప్రవేశిక

తుపాకిలో మిగిలిన తూటాలను సైతం లెక్కపెట్టే ఆటలో హఠాత్తుగా దయ్యం కనబడితే ఔచిత్యభంగంగా తోచడం సహజం. అయితే యుద్ధకథలోకి అద్భుతం రావడం భారతీయ రససిద్ధాంతానికి కొత్త కాదు. రౌద్రం నుండి కరుణ, వీరం నుండి అద్భుతం, బీభత్సం నుండి భయానకం జనిస్తాయని భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో చెప్పాడు. కనుక అద్భుతం ఉండవచ్చునా అన్నది ఇక్కడ ప్రధాన ప్రశ్న కాదు. అది ఏ రసం నుండి పుట్టింది, ఎవరి మరణానికి విలువ కట్టింది అన్నవి విచారించవలసిన విషయాలు.

2. వీరగల్లు: వీరం నుండి అద్భుతం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరులో ఏర్పడిన ఈ మూడు జిల్లాల్లోనూ, దక్కన్‌లోని ఇతర ప్రాంతాల్లో వలెనే, వీరగల్లులు కనిపిస్తాయి. వీటిలో మూడు అంతస్తుల శిల్పరచన ప్రసిద్ధమైనది. కింది అంతస్తులో పోరాటం, నడిమి అంతస్తులో వీరుణ్ణి కొనిపోయే అప్సరసలు, పై అంతస్తులో శివలింగ సన్నిధి ఉంటాయి. కింది అంతస్తులో కత్తి, డాలు, విల్లు, గుర్రం వంటి లౌకిక సాధనాలే తప్ప దివ్యాస్త్రం కనిపించదు. అద్భుతం వీరుణ్ణి గెలిపించడానికి రాదు. మరణించిన తరువాత గౌరవించడానికి మాత్రమే వస్తుంది.

గద్వాల కోటను నిర్మించిన సోమనాద్రి గురించి ప్రచారంలో ఉన్న కథనం ఈ నియమాన్ని మరింత స్పష్టం చేస్తుంది. యుద్ధంలో శత్రువుల పాలైన సోమనాద్రి గుర్రాన్ని తెచ్చేందుకు హనుమప్ప శత్రుశిబిరంలో ప్రవేశించి గడ్డిలో దాక్కుంటాడు. గుర్రాన్ని కట్టేందుకు దిగగొట్టిన మేకు అతని చేతిలో దిగుతుంది. కేక వేయకుండా ఓర్చుకొని, చివరకు ఆ చేతినే తెగనరుక్కొని, గుర్రంతో బయటపడతాడు. ఇందులో ఏ దేవతా ప్రత్యక్షం కాదు. అద్భుతానికి స్థాయీభావమైన విస్మయం మానవదేహపు ఓర్పు నుండే పుడుతుంది. నొప్పి నిజమైనది కాబట్టే విస్మయం నిలుస్తుంది.

3. నడిచే శవాలు: బీభత్సం నుండి భయానకం

2008లో ట్రేయార్క్ రూపొందించిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్’ రెండవ ప్రపంచయుద్ధాన్ని పసిఫిక్ దీవుల నుండి బెర్లిన్ వరకు వాస్తవిక ధోరణిలో చూపుతుంది. ప్రధాన కథ ముగిశాక జాంబీల ఆట తెరచుకుంటుంది. పాడుబడిన కట్టడంలో చిక్కుకున్న ఆటగాడు, కిటికీల గుండా అలలు అలలుగా వచ్చిపడే నాజీ శవాలను కాల్చుతూనే ఉండాలి.

నిర్మాణపరంగా ఇది వీరగల్లును తలపిస్తుంది. రెండింటిలోనూ లౌకిక యుద్ధం ముందు, అలౌకికం తరువాత. కాని వీరగల్లు మృతుణ్ణి పైలోకానికి చేర్చితే, జాంబీల ఆట మృతుణ్ణి మరల చంపడానికే లేపుతుంది. ప్రతి దెబ్బకు పాయింట్లు వస్తాయి. వాటితో కొత్త ఆయుధాలు కొనవచ్చు. శవానికి పేరు లేదు, ఊరు లేదు, దానికోసం ఏడ్చేవారు లేరు. జుగుప్స ముందే ఏర్పడినందున జాలికి చోటుండదు. ఇక్కడ అద్భుతం చేసే పని, చంపడంలోని జవాబుదారీని తొలగించడం.

4. మృతుల నది: రౌద్రం నుండి కరుణ

హిదియో కొజిమా దర్శకత్వంలో 2004లో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్ 3: స్నేక్ ఈటర్’ దీనికి ప్రతిపక్షం. 1964 నాటి ప్రచ్ఛన్నయుద్ధ నేపథ్యంలో సాగే ఈ ఆటలో సారో అనే ప్రేతం ఎదురవుతుంది. ఆటగాడు ఒక నదిలో ఎదురు నడవాలి. అంతవరకు తాను చంపిన సైనికుల ప్రేతాలు అతని వైపు వస్తాయి. ఎక్కువమందిని చంపినవాడికి నడక దీర్ఘమవుతుంది. ఎవరినీ ప్రాణాలు తీయకుండా సాగినవాడికి నది దాదాపు నిర్జనం. తుపాకితో ఇక్కడ ప్రయోజనం లేదు. ఆటగాడి రౌద్రమే అతని ముందు కరుణగా నిలుస్తుంది. జాంబీల ఆట తుడిచివేసిన లెక్కను ఈ నది అప్పజెబుతుంది.

ఈ దృష్టితో వీరగల్లును కూడా విమర్శించవలసి ఉంటుంది. అది స్వపక్ష వీరుడికే స్వర్గం చూపుతుంది. అతని చేతిలో పడినవారు తరచుగా కింది అంతస్తులోనే మిగిలిపోతారు. శత్రుమృతులకు సైతం చోటు కల్పించిన నది దృశ్యం ఆ మేరకు వీరస్మృతి పరిధిని విస్తరించింది.

5. ఆకుపచ్చ రక్తం

ఈ చర్చ తెలుగు నేలకు దూరమైనది కాదు. దేశంలో విస్తృత ఆదరణ పొందిన పబ్జీ మొబైల్ 2019 ఫిబ్రవరిలోనే జాంబీల విభాగాన్ని ప్రవేశపెట్టింది. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం ఆ ఆటను నిషేధించాక, 2021 జులైలో క్రాఫ్టన్ సంస్థ ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ను విడుదల చేసింది. హింస తీవ్రతను తగ్గించే ఉద్దేశంతో అందులో రక్తాన్ని ఆకుపచ్చగా చూపారు; చంపడం అనే మాటకు బదులు ముగించడం అనే అర్థమిచ్చే మాటను వాడారు.

ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని రసదృష్టితో చూస్తే ఫలితం వేరు. తుపాకి, జీపు, ఇల్లు యథాతథంగా ఉండగా మనిషి రక్తం మాత్రమే మనిషిది కాకుండా పోయింది. గాయం తగ్గలేదు, గాయపడినవాడి మానుషత్వం తగ్గింది. దయ్యం పేరు లేకపోయినా ఇది జాంబీల ఆట తర్కానికి సమీపమైనదే.

6. ముగింపు

వాస్తవిక యుద్ధకథనంలో అతీంద్రియం స్వతః దోషమూ కాదు, గుణమూ కాదు. మృతుణ్ణి స్మరింపజేసినప్పుడు అది కథను గంభీరం చేస్తుంది. మృతుణ్ణి లక్ష్యంగా మాత్రమే మిగిల్చినప్పుడు పలుచన చేస్తుంది. హనుమప్ప తెగిన చేయి ఎర్రటి నెత్తురు కార్చినందువల్లనే ఆ కథ నేటికీ నిలిచి ఉంది. యుద్ధాన్ని ఆటగా మలిచేవారు రక్తం రంగు మార్చడం కన్న, చనిపోయినవారిని లెక్కలో ఉంచడం మేలైన మార్గం.